గట్టు మీద రెల్లు

మొన్న ఐరాల దగ్గర వంక దాటుతూ, జారిపోకుండా చేతికందిన రెల్లుదుబ్బు పట్టుకున్నాను. ఆకు అంచు వేలు కోసింది. నెత్తురు కనబడకముందే మంట తెలిసింది. మంటకన్నా ముందే మునిరత్నం సారు గుర్తుకొచ్చారు.

డెబ్బైల చివర అక్కడి పల్లె బడిలో ఆయన హెడ్మాస్టరు, నేను లెక్కల అయ్యవారిని. లెక్కలు చెప్పేవాడినే గాని నన్ను లెక్కచేసినవాళ్లు తక్కువ. పిల్లలు నా పాఠంలోనే కునుకు తీసేవారు. "ఏమప్పా, ఈపొద్దు ఎంతమంది మేలుకొని ఉండారు?" అని సారు నవ్వి, సాయంత్రం వంకదాకా వెంట తీసుకుపోయేవారు. వంకగట్టున ఆయన భార్య సమాధి ఉండేది. చిన్న మట్టిదిబ్బ, చుట్టూ మనిషెత్తు రెల్లు. ఆ వేళ్లే గట్టును పట్టి ఉంచాయని ఊరందరికీ తెలుసు. ఇళ్లకప్పులన్నీ రెల్లువే అయినా అక్కడ మాత్రం ఎవరూ కొడవలి పెట్టేవారు కాదు. ఆయన ఊరిని కోరింది అదొక్కటే.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. మేత లేక పశువులు కూలబడుతున్నాయి. చెంగల్రాయుడనే రైతు తువ్వాలు నలుపుకుంటూ బడి గుమ్మంలో నిలబడ్డాడు.

"సారూ, సూడి ఆవు. లేపితే గూడా లెయ్యలా. అమ్మగారి గట్టుమింద తప్ప యాడా పచ్చన లేదు."

సారు వంకవైపు చూశారు. తర్వాత "కోసుకోపో" అన్నారు.

నేను ఉండబట్టలేక, "వేళ్లు వదిలెయ్యమనండి సార్" అన్నాను.

"ఆకలిగొన్న గొడ్డుకు యాడదాకా తినాలో గీత గీసేదానికి, అది నీ లెక్కల నోటుబుక్కా అబ్బా?"

ఒక్కడితో ఆగలేదు. ఊరంతా ముందు గడ్డి కోసింది, తర్వాత వేళ్లు తవ్వింది.

కార్తీకంలో వాన వచ్చింది. కరువు తీర్చడానికి కాదు, కసి తీర్చుకోవడానికన్నట్టు. తెల్లవారి చూస్తే గట్టు లేదు, సమాధీ లేదు. ఎర్రనీళ్లు పారుతున్నాయి. చెంగల్రాయుడు సారు కాళ్లమీద పడి, "నేనే తొవ్వినాను సారూ, నా గడ్డపారే" అని ఏడ్చాడు.

సారు అతన్ని లేవదీశారు. "ఆవు ఈనిందా?"

"మొన్ననే ఈనింది సారూ. పెయ్యదూడ."

"ఇంగేమి. పాలు పిల్లోళ్లకు పొయ్యి."

తట్టుకున్నారనుకున్నాం. సాయంత్రం బడి వదలగానే అలవాటుగా చెప్పులేసుకుని గేటుదాకా వచ్చి ఆగిపోయారు. కాసేపు అటు, కాసేపు ఇటు చూశారు. "యాడికి పోదామప్పా?" అన్నారు. నేను పక్కన నడిచాను. ఊరు చుట్టి బడికే తిరిగొచ్చాం. ఆయనకు బదిలీ అయ్యేదాకా రోజూ అంతే.

ఇప్పటికీ, చెప్పులేసుకుని ఎటు పోవాలో తెలియక నిలబడ్డ మనిషి కనిపిస్తే, చేస్తున్న పని ఆపి పక్కన నడుస్తాను. ఓదార్చడం నాకు రాదు. నడవడం వస్తుంది.