చెరో చెవిలో

మా ఆయన గరికాయి పోయిన మూడోరోజు పొద్దున నేను జ్విజాయిని తిట్టినట్టు జన్మలో ఎవరినీ తిట్టలేదు. అతను మా ఇంటి సహ్విరా. ఆ పని అతనికి వాళ్ల నాన్న నుంచి వచ్చింది. మా ఇంట్లో ఎవరైనా పోతే, పోయినవాళ్ల బట్టలు తొడుక్కుని, వాళ్లలాగే నడిచి, వాళ్లలాగే మాట్లాడి, ఏడ్చేవాళ్లని నవ్వించాలి. ఎంత వెక్కిరించినా మేం కిమ్మనకూడదు. సహ్విరా నవ్వించకుండా మట్టి వేస్తే సొంత మనిషిని అనాథలా పంపినట్టేనని మా వాళ్ల పట్టింపు.

జ్విజాయికి మాత్రం నోట్లో నాలుక ఉందా అసలు! వాళ్ల నాన్న శవపేటికతో కూడా పోట్లాట పెట్టుకునేవాడు. ఇతను చెప్పులు కుట్టుకుంటాడు. సకుబ్వా బజారులో ఒకే రేకుల షెడ్డు; సగంలో ఇతని చెప్పులు, సగంలో మా ఆయన బాగుచేసే రేడియోలు. పొద్దస్తమానం "ఊ" అనో "ఆ" అనో తప్ప మాట బయటికి వచ్చేది కాదు.

ఇద్దరికీ ఒకటే పిచ్చి. రాజధాని హరారేలో మునాషే, టాపివా అని ఎవరో ఇద్దరు స్నేహితులు ప్రతి గురువారం ఒక పాడ్‌కాస్ట్ వదిలేవారు. వీళ్లకి ఉన్నది ఒక్క జత ఇయర్‌ఫోన్లు. చెరో చెవిలో ఒకటి పెట్టుకుని, తలకాయలు దగ్గర చేర్చి పని చేసుకునేవారు. నేను మధ్యాహ్నం మొక్కజొన్న పిండితో సద్జా వండి పట్టుకెళ్తే పలికే దిక్కుండేది కాదు. ఒళ్లు మండిపోయేది.

"ఏముందయ్యా అందులో?" అని ఒకరోజు నిలదీశాను.

"మేక గురించి వదినా," అన్నాడు జ్విజాయి.

"మేకేంటి?"

"వ్యానులో మన పక్కన మేకని ఎక్కించారనుకో, కిటికీ పక్క సీటు దానికివ్వాలా, మనం తీసుకోవాలా అని."

"దానికి ఇంతసేపా?"

"నలభై నిమిషాలైంది. ఇంకా తేలలేదు."

మా ఆయన పడీపడీ నవ్వుతున్నాడు. జ్విజాయి చెప్పుకి సూది గుచ్చి ఆగాడు. "వాళ్లు నవ్వించాలని తాపత్రయపడరు వదినా. ఒకడు మాట మర్చిపోతే రెండోవాడు తొందరపెట్టడు. టీ జుర్రుకునే చప్పుడు కూడా వినిపిస్తుంది. మనం ఆ గదిలోనే ఓ మూల కూర్చున్నట్టుంటుంది. మనల్నెవరూ మాట్లాడమనరు."

అతను నాతో అంత పొడుగ్గా మాట్లాడింది ఆ రోజే. చిన్నప్పటి నుంచి కనబడ్డ ప్రతివాడూ "సహ్విరా కొడుకువి కదా, ఏదీ, నవ్వించు" అని అతని ప్రాణం తీసినవాడే. పాపం అనిపించింది. అయినా సద్జా చల్లారిపోతోందని ఇద్దరినీ కలిపి తిట్టేసి వచ్చాను.

తర్వాత మా ఆయనకి కాలేయం పాడైంది. ఐదు నెలలు మంచం పట్టాడు. ప్రతి గురువారం జ్విజాయి షెడ్డు మూసేసి, ఫోను పట్టుకుని వచ్చి మంచం పక్కన చాప మీద కూర్చునేవాడు. చివరి గురువారం మా ఆయన చెవిలోంచి ఇయర్‌ఫోను జారిపోయింది. జ్విజాయి మళ్లీ పెట్టాడు. అయిపోయేదాకా కదల్లేదు.

ఇక మట్టి వేసే రోజు. మా ఆయన పనిలో వేసుకునే నీలం ఓవరాల్ తొడుక్కుని జ్విజాయి గొయ్యి దగ్గరికి వచ్చాడు. పాట ఆపేసి అందరూ అతన్నే చూస్తున్నారు. నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. మా కూతురు విమ్బాయికి పన్నెండేళ్లు. వాళ్ల నాన్న పోయినప్పటి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు, మాట లేదు, కన్నీరు లేదు. దాని కోసమైనా ఏదో ఒకటి చెయ్యవయ్యా అని లోపల మొత్తుకుంటున్నాను.

జ్విజాయి జేబులోంచి ఫోను తీసి, పేటిక మీద పెట్టి, నొక్కాడు.

"ఒరేయ్, మేకకి కిటికీ ఎందుకురా?"

"దిగాల్సిన చోటు అదే చూసుకోవాలి కదరా!"

ఫోనులో ఇద్దరు మగాళ్లు విరగబడి నవ్వుతున్నారు. మా చిన్నమామగారు కోపంతో ఊగిపోయారు. "ఆపవయ్యా! ఎవరు వాళ్లు? మన శవం మీద నవ్వడానికి మనకేమవుతారు?"

నిజమే కదా. ఆ హక్కు ఈ భూమ్మీద జ్విజాయి ఒక్కడిదే. ముక్కూమొహం తెలియనివాళ్లు అక్కడ నవ్వడమంటే మా మొహాన ఉమ్మినట్టే. నేను ఫోను లాక్కుని కట్టేశాను.

"సిగ్గులేదూ నీకు? ఐదు నెలలు నా మొగుడి పక్కన కూర్చుంది ఇందుకా? నీ నోరు పడిపోయిందా? దారిన పోయేవాళ్లని పిలుచుకొస్తావా?" ఇంకా చాలా అన్నాను. ఇక్కడ రాయలేను.

అన్నీ పడ్డాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "వాళ్లు నన్నెప్పుడూ నవ్వించలేదు వదినా. గరికాయి నవ్వేవాడు. వాణ్ణి చూస్తే నాకు నవ్వొచ్చేది. మూడు రోజుల్నుంచి ఒక్కణ్ణే వింటున్నా. ఏమీ లేదందులో. ఇద్దరు మగాళ్లు, ఓ మేక."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. "అయితే ఆయనెలా నవ్వేవాడో, అలా నవ్వు," అన్నాను.

జ్విజాయి కళ్లు మూసుకున్నాడు. ముందు ఈలలాంటి ఊపిరి. తర్వాత ఎక్కిళ్లు. తొడ మీద రెండు దెబ్బలు. "చంపేశార్రా నాయనా, చంపేశారు!" అచ్చం మా ఆయనే. విమ్బాయి చటుక్కున పేటిక వైపు తిరిగింది. ఒక్క క్షణం చూసి, ఫక్కున నవ్వేసి, నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులో పడింది. దాన్ని చూసి అందరూ నవ్వారు, మా చిన్నమామగారితో సహా. నేను దాన్ని పొట్టకి అదుముకున్నాను.

"ఇంకొక్కసారి, జ్విజాయీ," అన్నాను.

అతను ఓవరాల్ గుండీలు విప్పుకుంటున్నాడు. "వద్దు వదినా. ఇప్పటికైతే ఆ నవ్వు వాడిదే. రెండోసారి నవ్వానంటే నాదైపోతుంది."

ఓవరాల్ మడిచి నా చేతిలో పెట్టాడు. పేటిక దించడానికి మగవాళ్లు తాళ్లు అందుకున్నారు.