గడప మీద వేసిన ఒట్టు

ఆ వీధిలో అందరూ ఆయన్ని పరుపులాయన అనేవారు. ఏకిన దూది ఎప్పుడూ గడ్డంలో చిక్కుకుని ఉండటంతో, నెరిసిన వెంట్రుక ఏదో దూది పోగు ఏదో చెప్పడం కష్టం. మనిషి మహా మెత్తన. పేదింటి బాలింత పాత పరుపు తెస్తే, అందులో కొత్త దూది కలిపి కుట్టేవాడు. కలిపిన సంగతి మాత్రం చెప్పేవాడు కాదు. ఒక్క విషయంలోనే రాయి. సొంత చెల్లెలి ఇంటి గడప తొక్కడు.

ఆ పంతం పుట్టింది ఒక పరుపు దగ్గరే. చెల్లెలి కొత్త కాపురానికి కుట్టి ఇస్తానన్న పరుపు, వానలకు దూది ఆరక ఆలస్యమైంది. బావ నలుగురిలో నవ్వాడు.

"దూది ఏకేవాడి మాట కూడా దూదేనయ్యా! ఉఫ్‌మంటే ఎగిరిపోతుంది."

పరుపులాయనకు తల కొట్టేసినట్టయింది. "ఎగురుతుందో నిలబడుతుందో చూద్దువుగాని బావా. అల్లాహ్ మీద ఒట్టు, ఇంక నీ గడప తొక్కను!"

ఎండ కాశాక పరుపైతే పంపాడు గాని, తాను పోలేదు. కాలం గడిచింది, కోపం చల్లారింది, బావ కూడా కన్నుమూశాడు. జనాజా గడప దాటి వీధిలోకి వచ్చాకే ఈయన పాడెకు భుజం పట్టాడు. అల్లాహ్ పేరు మీద వేసిన ఒట్టాయె, తప్పడం ఎలా? "మాటంటే పరుపులాయనదే" అని మసీదు మెట్ల మీద జనం అంటుంటే తల వంచుకునేవాడు.

చెల్లెలు ఆయన కోసం వీధిలోనే ముక్కాలిపీట వేసి, తాను గుమ్మంలో కూర్చునేది.

"గడప కరుస్తుందా అన్నా? దాని పళ్ళు నేను పట్టుకుంటాలే, రా."

"నోర్ముయ్యవే," అని నవ్వేవాడు. ఎండ ముదిరితే ఆమె గొడుగు తెచ్చి అన్న నెత్తిన పట్టేది.

అలాంటిది చెల్లెలు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వెనకగదిలో మంచాన పడింది. ఇక పరుపులాయన పక్కసందులో ఆ గది కిటికీ కింద నిలబడి, "చెల్లీ, ఎలా ఉన్నావే?" అని కేకేసేవాడు. మొదట్లో జవాబు వచ్చేది. తర్వాత్తర్వాత దగ్గు మాత్రమే వచ్చేది. ఒకనాడు చెల్లెలి కోడలు బయటికొచ్చింది.

"మామయ్యా, అత్తయ్య తిండి మానేసింది. డాక్టరుగారు కూడా ఇక ఇంట్లోనే చూసుకోమన్నారు. మీకు దండం పెడతా, లోపలికి రండి."

ఆయన తిన్నగా మసీదుకు పోయాడు. కొత్తగా వచ్చిన ఇమాంగారు, నమాజుకు ముందు కాళ్ళూచేతులూ కడుక్కునే వజూ తొట్టిని శుభ్రం చేస్తున్నారు.

"ఇమాంగారూ, ఒక సందేహం. గడప తొక్కకుండా, కిటికీ ఊచలు తీయించి లోపలికి దిగితే ఒట్టు తప్పినట్టా?"

ఇమాంగారు నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయారు. సంగతంతా అడిగి తెలుసుకున్నారు.

"అయ్యో పెద్దాయనా! రక్తబంధాన్ని తెంచే ఒట్టు నిలబెట్టుకోవడం పుణ్యమని ఎవరు చెప్పారు మీకు? వేయడమే తప్పు, పట్టుకు వేలాడటం ఇంకా తప్పు. ఒట్టు విడిచి చెల్లెల్ని చూడాలి. పరిహారంగా పది మంది పేదలకు కడుపునిండా భోజనం పెట్టాలి."

"అంతేనా?"

"అంతే. ఇన్నాళ్ళలో ఎవర్నీ అడగలేదా?"

అడగలేదు. తెలిసిన విషయమేగా అనుకున్నాడు.

"ముందు వెళ్ళండి, భోజనాల సంగతి తర్వాత," అంటూ ఇమాంగారు చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టారు.

గడప దాటి లోపలికి వెళ్ళాడు. వెనకగదిలో చెల్లెలు పిడికెడు మనిషైపోయి ఉంది. దుప్పటి సర్దబోతే పరుపు చేతికి తగిలింది. తాను పంపినదే. దూది గడ్డలు కట్టి రాళ్ళమూటలా ఉంది. ఆమె వీపంతా పుళ్ళు. ఊరందరి పరుపులూ విప్పి మళ్ళీ ఏకి కుట్టిన మనిషి, వీధిలో పీట మీద కూర్చుని దీన్ని ఎన్నడూ చూడనే లేదు.

"వచ్చావా," అంది ఆమె. "మరి ఒట్టో?"

"విడిచేశానే. పది మందికి అన్నం పెడితే చాలట."

"తెలుసు."

"తెలుసా?"

"మీ బావ పోయిన ఏడే పాత ఇమాంగారి భార్యనడిగా."

"మరి చెప్పవేమే!"

ఆమె ఊపిరి కూడగట్టుకుంది. "చెప్పాక కూడా నువ్వు రాకపోతేనో? ఒట్టని రావట్లేదో, ఒట్టు వంకతో రావట్లేదో... తేల్చుకోవడానికి భయమేసి ఊరుకున్నా."

కోపం ఎప్పుడో పోయిందే అనబోయాడు. నిజమే, పోయింది. మరి అడ్డం ఏమిటి? మసీదు మెట్ల మీది మెచ్చుకోలు గుర్తొచ్చింది. చెంచాతో నీళ్ళు పట్టాడు. ఓ గుక్క మింగింది. తర్వాతిది చెంప మీదుగా కారిపోయింది.

దుకాణానికి పరుగెత్తి, చెల్లెలికి కొత్త పరుపు కోసం దూది ఏకడం మొదలుపెట్టాడు. పరుపు గలీబు సగం నిండేసరికి కోడలి దగ్గర్నుంచి కబురొచ్చింది.

ఖననం అయ్యాక పది మంది పేదలను చెల్లెలి ఇంటికే పిలిచి తానే వడ్డించాడు. ఇమాంగారూ ఓ చెయ్యి వేశారు. తిన్నవాళ్ళు దీవించి వెళ్ళాక, పరుపులాయన ఎంగిలి కంచాలు తీస్తూ ఇమాంగారిని అడిగాడు.

"ఒట్టు తీరినట్టేనా?"

"తీరింది."

"రాకుండా ఉన్నన్నాళ్ళకి?"

"తౌబా చేయండి, అల్లాహ్‌ను మన్నింపు వేడుకోండి. ఆమె కోసం దువా చేస్తూ ఉండండి."

"ఆమె మన్నించాలి కదా, ఇమాంగారూ? అది నేను అడగనే లేదు."

ఇమాంగారు ఆయన చేతిలోని ఎంగిలి కంచాల్లో సగం తాను తీసుకుని, పక్కన కూర్చుని కడగసాగారు.