దింపుడు కల్లం దగ్గర ఆగిన పాడె

ముంబై నుంచి శంషాబాద్‌కు ఆకాశంలో ఆరు వందల పైచిలుకు కిలోమీటర్లు. విమానానికి గంటన్నర పని. ఆ లెక్క మీదే శంషాబాద్ పక్కనున్న పాల్మాకులలో కొండమ్మ శవాన్ని ఆపారు. పెద్దలు దయతలచి ఆపలేదు. పెద్ద కూతురు సంతోషి పొద్దుటి నుంచి తండ్రికి అన్న అయిన పెద్దబాపు ఈశ్వరయ్యతో కొట్లాడి ఆపించింది. ముంబైలో బట్టలు కుట్టి బతికే చెల్లెలు మంజుల వచ్చి తల్లి ముఖం చూడాలి. సంతోషి అడిగింది అంతే.

ఈశ్వరయ్యకు అదే గిట్టదు. మంజుల వేరే కులంవాణ్ణి చేసుకున్ననాటి నుంచి ఆమె పేరెత్తితే ఉమ్మేస్తాడు.

"ఇమానం దిగేదాంక ఆగుత. దిగినంక ఇగ ఒక్క నిమిషం ఆగ," అన్నాడు.

సంతోషి శంషాబాద్ విమానాశ్రయంలోనే బాత్రూములు కడుగుతుంది. విమానం దిగినా మనిషి బయటపడి ఊరు చేరేసరికి ఎంత సేపవుతుందో మొత్తుకుంది. ఎవరు వింటారు? రోజూ ఇళ్ళ మీదుగా విమానాలు దిగే ఊరది. దిగినవాళ్ళు గడపలోనే దిగినట్టు లెక్క.

ఈశ్వరయ్య కొడుకు వీరేందర్ ఫోన్‌లో చూసి "దిగింది బాపు" అన్నాడో లేదో, పాడె లేచింది. డప్పులు మోగాయి.

దారిలో సంతోషికి ఫోన్. అవతల మంజుల ఏడుస్తోంది.

"అక్కా, ఒక్క కారాయన వస్తలేడే. సిటీకైతే ఎక్కుమంటుండ్రు. పాల్మాకులంటే దగ్గర కిరాయి మాకొద్దంటుండ్రు."

"ఎవరి బండన్న ఆపి రాయే. ఈడ నేను ఆపుత."

రాష్ట్రాలు దాటించడానికి ఇన్ని హంగులు. పక్క ఊరికి చేర్చే బాధ్యత మాత్రం ఎవరికీ లేదు. గంటలకొద్దీ వరుసలో కాచుకున్న డ్రైవర్‌ను తిట్టీ లాభం లేదు. వాడి పొట్టా ఎవరో కొట్టిందే.

సగం దారిలో దింపుడు కల్లం. అక్కడ పాడె దించి, పోయినవాళ్ళ చెవిలో అయినవాళ్ళు మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతుందని ఆశ. పిలవనిదే పాడె లేవదు.

"పిలువే, జల్ది," అన్నాడు ఈశ్వరయ్య.

సంతోషి పాడె పక్కన చతికిలబడింది. నోరు తెరవలేదు.

"ఏందే, చెవుడా?"

"చెల్లె పిలుస్తది."

"గా కులం చెడ్డది పిలిస్తే మీ అవ్వ లేస్తదా?"

"లేస్తే ముందుగాల నిన్నే అడుగుతది, నా చిన్నబిడ్డ ఏదని."

"జరుగు, నేనే పిలుస్త!"

"తమ్ముని పెండ్లాం చెవుల నువ్వు పిలుస్తవా? గది ఏ రివాజుల ఉంది పెద్దబాపూ? రివాజులన్నీ నువ్వే చెప్తవు గద!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఈశ్వరయ్య వంగబోయి ఆగిపోయాడు. డప్పులవాళ్ళు చేతులు దించారు. ఎండ మండుతోంది. తిట్లు తిట్టాడు, చెయ్యెత్తాడు. ఆమె కదల్లేదు.

చివరికి ఒక పాలబండి వెనక కూచుని మంజుల వచ్చింది. బండి ఆగకముందే దూకి, తల్లి తల మీదికి వంగింది.

"అవ్వా... అవ్వా... ఓ అవ్వా..."

తల్లి పలకలేదు. మంజుల ఆ చల్లటి చెంపకు చెంప ఆనించి అలాగే ఉండిపోయింది.

"దీని చెయ్యి పడ్డ పాడెను మేం మొయ్యం," అని ఈశ్వరయ్య, వీరేందర్ పక్కకు తప్పుకున్నారు. ముందు రెండు భుజాలు తగ్గాయి.

సంతోషి లేచి కొంగు నడుముకు చెక్కుకుంది. "రాయే, ఆ పక్క పట్టు."

ఈశ్వరయ్య వెనక నుంచి తిడుతూనే ఉన్నాడు. అక్కాచెల్లెళ్ళు తల్లిని ఎత్తుకుని నడిచారు.