అంజవ్వ కూసున్న కుప్ప

బోధన్ రోడ్డు మీది ఫౌండ్రీల అంజవ్వది ఇరవై ఏండ్ల నౌకరి. కరిగించి ఉక్కు చేసే పాత ఇనుమును ఏరుడు ఆమె పని. మంచిది భట్టీకి, ఇసుక అంటుకున్న ముక్కలు పక్క కుప్పకు. అక్షరం రాదు గని, ఇనుప ముక్కను గోటితోని గీకి దాని జాతకం చెప్పేది.

ఆ ఏడు చెరుకు గానుగలకని పోతపోసిన పండ్ల చక్రాలు, గేర్లు, వరుసగ తిరిగొచ్చినయ్. కోసి చూస్తే లోపల బొర్రలు, బొర్రలల్ల ఇసుక, ఇనుప మడ్డి చిట్టెం.

"ముసల్దానికి కండ్లు మసకబారినయ్ సేటూ! చెత్తంత భట్టీకి పంపుతున్నది," అన్నడు మేస్త్రి రాజేశ్వర్.

సేటు భానుప్రసాద్ తల గోక్కున్నడు. "అవ్వా, రేపటి పోత గూడ గిట్లనే అయితే ఇగ ఇంట్ల కూసో."

నౌకరి పోతే పాయె. కండ్లు మసకన్న మాటనే అంజవ్వకు ముల్లు లెక్క దిగింది. "నా మడిమెకున్న చూపు నీ కండ్లకు లేదురా," అన్నది మేస్త్రిని.

తెల్లారి పొద్దుగాల్నే వచ్చి చూస్తే, నిన్నటిదాంక మోకాలెత్తున్న ఇసుక ముక్కల కుప్ప పిక్కలకు దిగింది. అప్పుడు సమజయ్యింది. కరిగిన ఉక్కు మీద తేలిన చిట్టెం దేవేసినంక, పోతకు నాలుగు చక్రాలల్ల ఆఖరుదానికి ఉక్కు తక్కువ పడ్తదని మేస్త్రి ఆ కుప్పల నుంచే తట్టలు కుమ్మరిస్తుండు! అంజవ్వ తల్లిగారిది రుద్రూర్, బెల్లం వండే ఇల్లు. కడాయిల మడ్డి దేవినంక మళ్ల పచ్చి రసం పోసేటోన్ని ఆ ఇంట్ల మనిషంటరా?

మేస్త్రి చెప్తే వినే రకం కాదు. ఆ దినం పోతకు చిట్టెం దేవుడు అయ్యేసరికి, కొంగు నడుముకు చెక్కి, పోయి కుప్ప మీద కూసుంది.

"లే అవ్వా, ఉక్కు సల్లారుతది!" అన్నడు రాజేశ్వర్.

"ఉన్న ఉక్కునే అచ్చులల్ల పొయ్యి."

"మూడు చక్రాలే అయితయ్!"

"కానియ్యి. నాలుగు బొర్రలకంటె మూడు చక్రాలు ఎక్కువ."

రాజేశ్వర్ తట్ట పట్టుకొని ఆమె చుట్టు తిరిగిండు. అంజవ్వ కదిలితే గద! సేటు ఉక్కు దిక్కు చూసి, ఆమె దిక్కు చూసి, "మూడే పొయ్యిండ్రి," అన్నడు.

తెల్లారి అచ్చులు పగలగొట్టిండ్రు. ఒక చక్రాన్ని నడిమికి కోస్తే తెగిన మొఖం అద్దం లెక్క మెరిసింది. సూది మొన దిగేంత బొర్ర గూడ లేదు. సేటు రెండోదాన్ని గూడ కోయమన్నడు.

"అన్నీ కోస్తే అమ్మేదేంది సేటూ?" అన్నది అంజవ్వ. అందరు నవ్విండ్రు, సేటు గూడ. ఆ దినం నుంచి అంజవ్వ సరే అననిది భట్టీల ముక్క పడొద్దని హుకుం.

మర్నాడు రాజేశ్వర్ తట్ట తెచ్చి ముందట పెట్టిండు. "అవ్వా, ఇవి ఎయ్యచ్చా?"

"నన్నెందుకు అడుగుతవ్ బిడ్డా? నాకు కండ్లు మసక గద," అనుకుంటనే అంజవ్వ, తట్టల చెయ్యి పెట్టి, అడుగునున్న ఒక్క ఇసుక ముక్కను తీసి కుప్ప మీదికి ఇసిరింది.