తాలు కాయలు ఏరిన చెయ్యి

నిన్న బ్రాడీపేటలో కారం మిల్లు దాటుతుంటే ఆ ఘాటుకు కళ్లు మండాయి. నలుపుకోబోయి చెయ్యి ఆపేశాను. ఎనభైల నాటి మా ఏడో తరగతి గుర్తొచ్చింది.

బడికి ముందు మా మిరప కల్లంలో తెల్లబడ్డ తాలు కాయలు ఏరేవాళ్లం, నేనూ, మా పొలంలో కూలికి వచ్చే మరియమ్మ కొడుకు ఏసోబూ. ఒక రోజు మాస్టారు ఇంగ్లీషు టెన్సులు అడుగుతారని వాడికి భయం.

"ఒరేయ్, కాస్త చెప్పరా. నాకు ఎక్కట్లేదు."

"ఏరటం కానీ, చెబుతాలే," అన్నాను. చెప్పలేదు. వాడికీ వస్తే క్లాసులో ఇక నా గొప్పేముంది? బడిగంట వినపడి చేతులు కడుక్కోకుండానే పరిగెత్తాం.

"కాయలు ఎండుతున్నాయి, కాయలు ఎండాయి. రెండూ ఇంగ్లీషులో చెప్పరా," అన్నారు మాస్టారు. ఏసోబు నేల చూశాడు. నేను చెప్పాను. చెప్పినవాడు చెప్పలేనివాడి ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి, మా బడిలో అదే పద్ధతి. మెల్లగా తాకించాను.

"అదా కొట్టటం? ఎట్లా కొట్టాలో నీకు చూపించనా?" అన్నారు మాస్టారు.

భయంతో గట్టిగా కొట్టాను. వేళ్లు కంటికి తగిలాయి. వాడి కన్ను ఎర్రబడి ధారగా నీళ్లు కారాయి.

పంపు దగ్గర వాడు కన్ను కడుక్కుంటుంటే నాకూ ఏడుపొచ్చింది. తుడుచుకోబోయాను. వాడు ఒంటికన్నుతో చూసి నా మణికట్టు పట్టుకున్నాడు.

"కళ్లు నలుపుకోమాక. మిరపకాయల చెయ్యిరా అది."

మర్నాడు కల్లంలో ఎప్పటిలాగే నా పక్కన కూర్చుని తాలు ఏరాడు. టెన్సుల సంగతి మళ్లీ అడగలేదు. అడగకపోయినా చెప్పవలసినవాణ్ణి. ఆ రోజూ చెప్పలేదు.