క్యాసినో జీతంలో ప్రథమ ఫలం

కెనడా వైపు నయాగరాలో కాపురం పెట్టిన తెలుగువాళ్ళకు జలపాతం చుట్టాలొచ్చినప్పుడే గుర్తొస్తుంది. మిగతా రోజుల్లో మా ఊరికి అన్నం పెట్టేది దానికి ఎదురుగా ఉన్న క్యాసినో. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. నాకే ఆలస్యంగా తెలిసింది, అదీ ఒక అమ్మాయి మనసు నొప్పించాక.

మేము టొరంటో నగరంలోని నార్త్ యార్క్‌లో అద్దెలు కట్టీ కట్టీ విసిగిపోయి, సొంత ఇల్లు కొనుక్కోవచ్చని ఇటు వచ్చాం. నేను ఇంట్లోనే కూర్చుని, పార్కింగ్ యంత్రాలు నడిపే ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి. నా భార్యకు వృద్ధాశ్రమంలో ఉద్యోగం. ఆదివారం ఉదయం మునిసిపాలిటీ హాలు అద్దెకు తీసుకుని కొన్ని కుటుంబాలవాళ్ళం తెలుగులో ఆరాధన జరుపుకునేవాళ్ళం. పాస్టరు గారు టొరంటో పక్కనున్న మిస్సిసాగా నుంచి నెలకోసారి వచ్చేవారు. మిగతా వారాలు సంఘ పెద్దగా ప్రార్థన చేసేది నేనే, ప్రకటనలు చదివేది నేనే, కానుకల సంచి పట్టేది నేనే. ఏ పని చేస్తున్నా నా మొహం ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు చూసే ఆఫీసరు మొహంలా ఉండేదని నా భార్య అనేది. అప్పట్లో దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

అలాంటి రోజుల్లో స్టూడెంట్లు వచ్చారు. కరోనా వెళ్ళిపోయి, కాలేజీలు తలుపులు బార్లా తెరిచిన కాలం. ఏ విమానం దిగినా మనవాళ్ళే. ఒక ఆదివారం ఇద్దరొచ్చారు, తర్వాతి నెలకు కుర్చీలు చాలక కిటికీ గట్ల మీద కూర్చున్నారు. వారానికి ఇన్ని గంటలే పని చేయాలనే నియమం అప్పుడు సడలించడంతో వాళ్ళలో సగం మంది క్యాసినోలోనూ, దాన్ని ఆనుకున్న హోటల్లోనూ చేరారు. పక్కలు సర్దేవాళ్ళు, వచ్చినవాళ్ళ చలికోట్లు అందుకుని దాచేవాళ్ళు, తివాచీలు శుభ్రం చేసేవాళ్ళు.

దాంతో మా సంఘానికి ఒక విచిత్రమైన వాతావరణం ఏర్పడింది. లాంగ్ వీకెండ్ వచ్చి ఊరు కిటకిటలాడితే మా హాలు ఖాళీ. క్యాసినోకి బేరాలు పడిపోయి షిఫ్టులు కోసేస్తే మా హాలు నిండుగా ఉండేది. ఎకనామిక్స్ చదివినవాళ్ళు క్యాసినో ఆదాయం పెరిగిందా తగ్గిందా అని నివేదికలు తిరగేస్తారు. మాకు ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రేమ విందులో ఎంత బిర్యానీ మిగిలిందో చూస్తే సరిపోయేది. 'దేవా, ఈ కుర్చీలు నింపు' అని నేను ప్రార్థించినప్పుడల్లా క్యాసినోకి గిరాకీ లేకుండా చేయమని అడుగుతున్నట్టేనని నాకు తట్టలేదు.

మా సంఘంలో ట్యాక్సీ నడిపే గుంటూరు అన్నగారు ఒకాయన ఉండేవారు. మా అందరికంటే ముందొచ్చినవాడు. క్యాసినో కథంతా ఆయనకు కంఠతా వచ్చు. "మొదట్లో వంతెన దాటి అమెరికావోళ్ళు తిరణాలకొచ్చినట్టు వచ్చేవాళ్ళు తమ్ముడూ. తర్వాత ఆళ్ళ ఒడ్డునే ఆళ్ళొక క్యాసినో పెట్టుకున్నారు. ఇక మాకు ఈగలే. కరోనాలో ఆ లైట్లన్నీ ఆర్పేస్తే మా ఇంటిదానికి భయమేసింది, ఊరు చచ్చిపోయిందనుకుంది. మళ్ళీ ఇప్పుడే కాస్త ఊపిరొచ్చింది" అనేవారు. నేను మర్యాదకు తల ఊపేవాణ్ణి. జూదం గురించి అంత ప్రేమగా మాట్లాడే మనిషి ముందు వరసలో ఎందుకు కూర్చుంటాడా అని లోపల అనుకునేవాణ్ణి.

ఇక ఆ అమ్మాయి సంగతి. భీమవరం దగ్గరి పల్లె నుంచి వచ్చింది. మా పాటలన్నీ ఆమె గొంతు మీదే నడిచేవి. మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. ఉద్యోగం దొరికితే మొదటి జీతం ప్రథమ ఫలమని దేవుడికి ఇచ్చి, కృతజ్ఞతా ప్రార్థన చేయించుకుంటారు. అమ్మానాన్నలు దగ్గరుంటే వాళ్ళు పక్కన నిలబడతారు. లేకపోతే సంఘమే నిలబడాలి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె రెండు చేతులతో కవరు పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"అంకుల్, ఉద్యోగం వచ్చిందండి. ఇది ప్రథమ ఫలం. ప్రార్థన చేస్తారా అండి?"

"చాలా సంతోషం అమ్మా. ఎక్కడ?"

"క్యాసినోలోనండి. బఫే హాల్లో ఎంగిలి ప్లేట్లు తీస్తానండి."

నేను చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "జూదం డబ్బు దేవుడి సంచిలో వేయకూడదమ్మా."

"నేను జూదం ఆడలేదండి. ప్లేట్లు తీశానండి."

"నీ జీతం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చూడాలి కదా."

చుట్టూ ఉన్నవాళ్ళు బిర్యానీ పళ్ళేలతో ఆగిపోయారు. ఆమె కవరును కోటు జేబులో పెట్టుకుని, "అలాగేనండి" అని వెళ్ళిపోయింది.

అప్పుడైనా ఊరుకుని ఉంటే బాగుండేది. పదిమంది చూశారు కాబట్టి, నేను చేసింది పొరపాటు కాదని నిరూపించుకోవడానికి, తర్వాతి వారం దాన్ని ప్రకటనల్లో చదివాను. క్యాసినో సంపాదన కానుకల్లో వేయవద్దని. నిజం ఒప్పుకోవాలంటే, నాలో భక్తి కంటే నలుగురిలో కాదని చెప్పగలిగే సరదా ఎక్కువ.

దాని ఫలితం ఆ రోజే మొదలైంది. మా వాళ్ళు నియమమంటే భయపడే మనుషులు. నన్ను ట్యాక్స్ కన్సల్టెంటులా చుట్టుముట్టారు. ఇంట్లో కేకులు చేసి అమ్మే ఆవిడ అడిగింది: "బ్రదర్, నిన్న క్యాసినో మేనేజరు గారి పాపకి పుట్టినరోజు కేకు చేశాను. ఆ డబ్బు కానుకల్లో వేయొచ్చా?" పుట్టినరోజు పాపది కాబట్టి పర్వాలేదని తీర్పు చెప్పాను. హోటల్ దుప్పట్లు ఉతికే కుర్రాడితో, హోటల్లో పడుకున్నవాళ్ళ దుప్పట్లయితే వేయొచ్చు, జూదం ఆడి పడుకున్నవాళ్ళవైతే వద్దన్నాను. "దుప్పటి చూస్తే తెలియదు కదా అంకుల్" అన్నాడు పాపం, నిజంగానే ఆలోచిస్తూ.

ట్యాక్సీ అన్నగారు చివర్లో వచ్చారు. "తమ్ముడూ, నా బండెక్కేది ఆళ్ళే. పోయేటప్పుడు హుషారుగా ఎక్కుతారు, వచ్చేటప్పుడు ఏడుస్తా ఎక్కుతారు. ఏ కిరాయి వేయమంటావు?"

నేను గొంతు సవరించుకున్నాను.

"అది తర్వాత చెబుదువుగానీ, ఈ హాలు సంగతేంది? క్యాసినో ఊరికిచ్చే వాటాలోంచేగా దీని కప్పు బాగుచేసింది. వచ్చే వారం నుంచి పార్కులో పెడదామా మీటింగు? మైనస్ పదిహేనంట, దుప్పట్లు తెచ్చుకుందాం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు నటించాను.

ఇంటికెళ్ళాక నా భార్య చారు పోపు పెడుతూ అడిగింది. "మీ పార్కింగ్ యంత్రాలు ఎక్కడుంటాయండీ?"

"జలపాతం దగ్గర. చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం."

"జనవరిలో జలపాతం చూడ్డానికి ఎవరొస్తారు?"

నేను మంచినీళ్ళ కోసం గ్లాసు వెతికాను.

"పోనీ బుధవారాలు నేను మా ముసలమ్మలను ఎక్కడికి తీసుకెళ్తాననుకుంటున్నారు?"

"పిక్నిక్ అన్నావుగా."

"క్యాసినోలో స్లాట్ మెషీన్ల దగ్గరకి. ఒకావిడకు చెయ్యి వణుకుతుంది, బటన్ నేనే నొక్కుతాను. ఇన్నాళ్ళూ నేను వేసిన కానుకలన్నీ తిరిగిచ్చేయండి, చీర కొనుక్కుంటా."

గరిటె పక్కన పెట్టి, మెల్లగా అంది: "ఆ పిల్ల ఇక్కడ అమ్మ లేదు కాబట్టి మన దగ్గరకొచ్చిందండీ. ప్రార్థన అడిగితే మీరు తీర్పు చెప్పి పంపించారు."

ఆ పిల్ల మళ్ళీ రాలేదు. పాటలు నేను ఎత్తుకోవాల్సి వచ్చింది. నేను ఎత్తుకున్న శ్రుతిలో మనుషులెవరూ పాడలేరని రెండు వారాల్లో తేలిపోయింది. ఫోను చేస్తే ఎత్తలేదు. మెసేజీ పెడితే చూసినట్టు గుర్తు పడింది, జవాబు రాలేదు. ఆమెతో గదిలో ఉండే అమ్మాయి నా భార్యతో చెప్పింది: "ఆదివారం షిఫ్టు లేకపోయినా రాదు ఆంటీ. దుప్పటి కప్పుకుని పడుకుంటోంది. రావే అంటే, నా డబ్బు పనికిరానప్పుడు నా పాట మాత్రం ఎందుకు అంటోంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ప్రార్థన చేయించానని వాళ్ళమ్మకి చెప్పింది."

నా మూలంగా ఒక పిల్ల తల్లికి అబద్ధం చెప్పాల్సి వచ్చింది. ఇంకొన్నాళ్ళు పోతే ఆమె ఏ ఆరాధనకూ వెళ్ళదు. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పే కారణంలో నేనుంటాను.

"బుధవారం మాతో రండి. చక్రాల కుర్చీలు తోసేవాళ్ళు తక్కువున్నారు" అంది నా భార్య.

అలా జీవితంలో మొదటిసారి క్యాసినోలో అడుగుపెట్టాను, చక్రాల కుర్చీ ఒకటి ముందు పెట్టుకుని. ఎవరైనా చూస్తారేమోనని తల దించుకుని నడిచాను. కోట్లు అందుకునే చోట "వందనాలు అంకుల్" అని వినిపించింది. తివాచీ ఊడుస్తున్న కుర్రాడు యంత్రం ఆపి "వందనాలు అంకుల్, మీరా?" అన్నాడు. లిఫ్టు దగ్గర ఇంకో వందనం. కాఫీ బండి వెనక నుంచి రెండు. మా హాల్లో ఏ ఆదివారమూ నాకు ఇన్ని వందనాలు రాలేదు. ప్రతి ఒక్కరికీ కుర్చీలో ముసలావిడను చూపించి "ఈవిడ కోసం" అన్నాను. "అవునండీ, అవునండీ" అని నవ్వుతూ తప్పుకున్నారు.

లోపల ఒకటే గంటలు, మిణుకులు. ఒక పెద్దమనిషి కోటు కూడా విప్పకుండా యంత్రం ముందు కూర్చుని ఉన్నాడు. మా కుర్చీ చక్రం ఆయన కాలికి తగిలినా తల తిప్పలేదు. జూదం మంచిదని నేను ఇప్పటికీ అనను. ఆ మనిషిని తలచుకుంటే అసలు అనలేను.

నా భార్య మిగతా ఆవిడలకు కాఫీలు తేవడానికి వెళ్ళింది. నేను తోసుకొచ్చిన వణికే చేతుల ముసలావిడ నా చెయ్యి పట్టుకుని బటన్ మీద పెట్టింది. నేను ఇంగ్లీషులో ఏదో సణిగాను. ఆవిడకు చెవుడు. వేరే దారి లేక నొక్కాను. యంత్రం ఒక్కసారిగా పెళ్ళి బ్యాండులా మోగింది. ముసలావిడ చప్పట్లు కొడుతూ నన్ను తన అదృష్టమని చుట్టుపక్కల వాళ్ళకు పరిచయం చేయసాగింది. తల తిప్పి చూస్తే, పళ్ళేల ట్రేతో ఆ భీమవరం అమ్మాయి నిలబడి ఉంది.

"ఎంతొచ్చిందండి అంకుల్?" అంది, ముఖంలో ఏమీ కనబడకుండా.

"నాది కాదమ్మా, ఆవిడది."

"అవునండి. మీరు బటన్ మాత్రమే నొక్కారు."

కొంచెం పక్కకు జరిగి, "తప్పు చేశానమ్మా, క్షమించు" అన్నాను. ఇంటి దగ్గర తయారు చేసుకున్న పెద్ద వాక్యాలేవీ నోటికి రాలేదు.

ఆమె ట్రే ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "ఆ కవరు ఇంకా నా సూట్‌కేసులోనే ఉందండి. అద్దెకు తక్కువైనా తీయలేదు. ఖర్చు పెడదామంటే అది నాది కాదు. మీరేమో దేవుడిది కూడా కాదన్నారు. మరి ఎవరిదండి అది?"

"దేవుడిదేనమ్మా. అది నాకే తెలియలేదు. ఆదివారం తీసుకురా."

"ఆదివారం బఫే రద్దీ అండి. మమ్మల్నెవరినీ వదలరు."

"మరి ఎప్పుడు ఖాళీ?"

"సోమవారం సాయంత్రం ఇక్కడ ఎవరూ ఉండరండి." అటూ ఇటూ చూసి, "ఇక వెళ్ళండి అంకుల్, సూపర్‌వైజర్ చూస్తున్నాడు. మీరు గెలిచారని కాఫీ ఫ్రీగా ఇమ్మంటాడు" అంది. వెళ్తూ వెళ్తూ కొంచెం నవ్వినట్టే అనిపించింది.

ఆ ఆదివారం ప్రకటనల్లో నా తప్పు నేనే చదివి, ఆరాధనను సోమవారం సాయంత్రానికి మారుద్దామన్నాను. కేకుల ఆవిడ, "సోమవారం ఆరాధనేంటి బ్రదర్, మా ఊళ్ళో తెలిస్తే నవ్వుతారు" అంది. ట్యాక్సీ అన్నగారు లేచి, "నవ్వనీయమ్మా. సోమవారం నాకూ కిరాయిలుండవు" అన్నారు. అప్పుడు ఒక్కొక్కరే లెక్క చూసుకున్నారు. మా అందరికీ తీరిక దొరికే రోజు ఒకటే. ఊరంతా ఒకే యజమాని దగ్గర పనిచేస్తున్నట్టుగా ఉంది. పాస్టరు గారికి బెదురుతూ ఫోను చేస్తే, సోమవారమైతే రోడ్ల మీద ట్రాఫిక్ తక్కువ, నెలకు రెండుసార్లు వస్తానన్నారు.

మొదటి సోమవారం ఆమె డ్యూటీ చొక్కాతోనే వచ్చింది. ఫోనులో వీడియో కాల్ పెట్టి నా భార్య చేతికిచ్చింది. అవతల వాళ్ళమ్మ, అక్కడింకా తెల్లవారుతూనే ఉంది, ముసుగు వేసుకుని కూర్చుంది. అమ్మాయి కవరు పట్టుకుని మోకరించింది. నేను ప్రార్థన మొదలుపెట్టాను. ఆమె చేతుల కష్టాన్ని దీవించమన్నాను. చదువును, ఆరోగ్యాన్ని దీవించమన్నాను. ఇలాంటి ప్రార్థనలో ఆ తర్వాత రావాల్సింది పనిచేసే స్థలం. అక్కడికొచ్చేసరికి ప్రార్థన ఆగిపోయింది. కోటు విప్పని ఆ మనిషి కళ్ళ ముందు నిలబడ్డాడు.

కిందనుంచి చిన్న గుసగుస వినిపించింది. "కానివ్వండి అంకుల్, బస్సు పోతుందండి."

"దేవా, అక్కడికి ఆడటానికి వచ్చేవాళ్ళు ఇల్లు గుల్ల చేసుకోకుండా క్షేమంగా ఇంటికి చేరాలి. ఈ చలికాలం మా పిల్లల షిఫ్టులూ తగ్గకూడదు. ఈ రెండూ ఎలా కుదురుతాయో నాకు తెలియదు, నీకే వదిలేస్తున్నాను" అన్నాను.

ఫోనులోంచి ఆ తల్లి అందరికంటే ముందు ఆమెన్ అంది. అమ్మాయి లేచి, కవరు నా చేతికివ్వకుండా సంచిలో తానే వేసి, కోటు జిప్పు లాక్కుంటూ బస్సు కోసం మంచులోకి పరిగెత్తింది.