పెద్దనాన్న చైనా తోటలో నిలువు రాయి

మొన్న తార్నాకలో కొత్తగా తెరిచిన ఒక హోటలుకు పున్నమి చంద్రుడిలా గుండ్రటి వాకిలి పెట్టారు. పిల్లలు అందులో నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నాకు మాత్రం లోపలికి అడుగు పడలేదు.

అలాంటి వాకిలే తొంభైలలో మా పెద్దనాన్న కట్టించారు, యూనివర్సిటీలో తన డిపార్ట్‌మెంటు వెనక. ఆయన చైనీసు పాఠాలు చెప్పేవారు. రెండేళ్లు చైనాలో ఉండి వచ్చాక సూటిగా ఉన్నదేదీ ఆయనకు నచ్చేది కాదు. నాలుగు కార్లు పట్టేంత జాగాలో వంకరటింకర బాట, చిన్న కొలను, దానిమీద మూడు మలుపుల వంతెన, గోడవారన వెదురు వేయించారు. ఒక్క చూపులో మొత్తం కనపడితే అది తోట కాదు, పెరడు అనేవారు. "ఇంక ఆయనకు సూటిగా మిగిలింది ముక్కొక్కటే," అనేది పెద్దమ్మ. అక్కడి పండితుల తోటల్లో నిలువెత్తు రాయి ఒకటి ఉండి తీరాలట. సన్నగా, ముడతలు పడి, చిల్లులతో ఉంటే మరీ శ్రేష్ఠమట. హాస్టలు పునాదులకు పేల్చిన బండల్లో అలాంటిది దొరికేసరికి, సంతోషంతో ఆయనకు రెండు రోజులు అన్నం సహించలేదు.

రాళ్లు నిలబెట్టే పని లాలాపేట్ నుంచి వచ్చే మేస్త్రిది. ఏ రాయినైనా ముందు సుత్తితో తట్టి, చెవొగ్గి వినేవాడు. మంచి రాయి ఖంగుమంటుంది. ఈ రాయిని మూడుచోట్ల తట్టి, సుత్తి కింద పెట్టేశాడు.

"గిది పలుకుతలేదు సార్. లోపల పగిలున్నది. వానలకు ఆగది."

"ఆ పగులే దాని అందమయ్యా," అన్నారు పెద్దనాన్న. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

రాయి లేచింది, సరిగ్గా గుండ్రటి వాకిలికి ఎదురుగా. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను గానీ, దాని పక్కగా వెళ్లాల్సి వస్తే నా అడుగు గోడవారకు జరిగేది. మేస్త్రి వారానికోసారి పిలవకుండానే వచ్చి తట్టి చూసి వెళ్లేవాడు. ముసురు పట్టాక రోజూ రాసాగాడు. ఒకరోజు నేను అక్కడుండగానే, "దించుదాం సార్," అన్నాడు. చైనా నుంచి అతిథులు వస్తున్నారు, వాళ్లు చూసి వెళ్లాక దించుదాం అన్నారు పెద్దనాన్న.

"అయితే అప్పటిదాంక ఊతమన్న పెడత."

ఆ మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. వాకిలికి ఇవతల నేనూ పెద్దనాన్నా గొడుగులతో నిలబడ్డాం. మేస్త్రి దుంగ ఒకటి ఊతంగా బిగించి, ఎడమ అరచెయ్యి రాయికి ఆనించి, కుడిచేత్తో సుత్తి ఎత్తి మెల్లగా తట్టాడు. పెద్ద చప్పుడేమీ లేకుండానే రాయి విరిగి పడింది.

మనిషి బతికాడు. ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయింది. ఆస్పత్రిలో ఆ కట్టు వైపు చూడలేక పెద్దనాన్న నేల చూస్తుంటే, అతనే ఓదార్చాడు.

"మీరేం జేస్తరు సార్. నేనే గట్టిగ చెప్పకపోతి."

ఆ మాటను పెద్దనాన్న పోయేదాకా మోశారు. తోటను ఆ ఏడే చదును చేశారు. కాలం అన్నీ మరిపిస్తుందంటారు. ముప్పయ్యేళ్లయినా, "దించేద్దాం పెద్దనాన్నా" అని ఆ రోజు నేను అనలేకపోయిన ఒక్కమాట, ఏటా మొదటి ముసురుకు నా నోటిదాకా వస్తూనే ఉంది.